గుండ్రటి తల

కుందేళ్లత్తకు భయమంటే ఏమిటో తెలియదని వీధిలో అందరూ అంటారు. అది నిజం కాదు గానీ, భయపడే తీరిక ఆవిడకు ఎప్పుడూ దొరకలేదన్నది మాత్రం నిజం. ముందు గదిలో కుట్టు మిషను, వెనక వరండాలో పద్నాలుగు గూళ్లు. పొద్దస్తమానం ఆ రెంటి మధ్య తిరగడంతోనే సరిపోతుంది. ఆవిడ పెంచేవి అచ్చమైన పొట్టి జాతి కుందేళ్లు. చిన్న ఒళ్లు, బంతిలాంటి తల, బొటనవేలంత చెవులు. పిల్లలు కాస్త ఎదగగానే ఒక్కోదాని తల రెండు వేళ్ల మధ్య పట్టి చూస్తుంది. గుండ్రంగా ఉన్నది ఇంట్లో ఉంటుంది, కోలగా ఉన్నది ఎవరింటికో పోతుంది. పదకొండేళ్లుగా ఇదే పద్ధతి. కుందేళ్ల పోటీల్లో వచ్చిన కప్పులన్నీ తన వేళ్ల చలవేనని ఆవిడ నమ్మకం.

ఆ పదకొండేళ్ల పంటే గుండీ. చొక్కా గుండీల్లాంటి నల్లటి కళ్లని ఆ పేరు పెట్టింది. రెండుసార్లు మొదటి బహుమతి కొట్టింది. పక్క గూట్లో ఉండేది బండది. అదీ ఆ జాతిదే, కానీ పొడుగు మొహం, వెడల్పు నడుము. "నీ మొహానికి కప్పు కాదు, చిప్ప ఇస్తారు" అని మేత వేసినప్పుడల్లా అత్త దాన్ని దెప్పుతుంది. ఈ ఒక్క ఈతా అయ్యాక దాన్ని పోస్ట్‌మ్యాన్ కూతురికి ఇచ్చేస్తానని మాట కూడా ఇచ్చేసింది.

రెండింటికీ ఒకే రోజు జత కట్టించింది. ఒకదానికి పాలు చాలకపోతే రెండోది సాకుతుందని ఎప్పుడూ అలాగే చేస్తుంది. ముప్పై ఒకటో రోజున బండది గడ్డి నములుతూ నములుతూనే ఏడు పిల్లల్ని పెట్టేసి, మళ్లీ గడ్డి దగ్గరికి వచ్చేసింది. గుండీ మాత్రం బొచ్చు పీక్కుని గూడు కట్టుకుంది, అంతే. ముప్పై మూడో రోజు పొద్దున చూస్తే, మూలన ముడుచుకుని పళ్లు కొరుకుతూ ముక్కుతోంది.

"అత్తయ్యా, డాక్టరమ్మకి ఫోన్ చెయ్యమంటారా?" అంది కోడలు.

"అడుగుతూ నిలబడతావేంటే? చెయ్యి!"

డాక్టరమ్మ ఏదో కుక్కకు ఆపరేషన్ మధ్యలో ఉంది. రావడానికి గంట పడుతుందట. "తల కనిపిస్తోందా? అయితే ఆగొద్దు. వేళ్లకి జెల్లీ రాసుకుని, అది ముక్కినప్పుడు మాత్రం కిందికి మెల్లగా లాగండి. అది ఆగితే మీరూ ఆగండి" అని చెప్పింది.

అత్త గోళ్లు కత్తిరించుకుంది, చేతులు కడుక్కుంది. కోడలు గుండీని తువ్వాలులో చుట్టి పట్టుకుంది. వేళ్ల మధ్యకు వచ్చిన ఆ తలను అత్త ఇట్టే గుర్తుపట్టింది. గుండ్రటి తల. ఇన్నేళ్లూ తను ఏరి ఏరి దాచుకున్న తల. ఇప్పుడదే ఆ ఇరుకు నడుములో ఇరుక్కుపోయింది.

"నా చేతులారా చేసుకున్నానే తల్లీ! దీని ప్రాణం తీస్తున్నది నేనే" అంది.

"అత్తయ్యా, ఏడుస్తున్నారా?"

"ఏడుపు తర్వాత. ముందు గట్టిగా పట్టుకో."

సిల్కు గుడ్డ చిరగకుండా చిక్కుపడ్డ దారం తీయడం అలవాటైన వేళ్లు అవి. తొందరపడలేదు. అరగంటకు పిల్ల బయటికొచ్చింది. అప్పటికే చచ్చిపోయింది. ఆ వెనకే ఇంకో రెండు, చిన్నవి, కదులుతూ వచ్చాయి. కోడలు కేక పెట్టింది. అత్త మాత్రం గుండీ పక్కటెముకల మీద చెయ్యేసి ఊపిరి లెక్కపెడుతూనే ఉంది.

డాక్టరమ్మ వచ్చి ఇంజక్షన్ చేసి, పొట్టంతా తడిమి చూసింది. "బతికింది. మీ చెయ్యి మంచిది" అంది. తర్వాత గొంతు మార్చింది. "కానీ అమ్మా, ఈ జాతిలో తల్లిగా ఉంచుకోవాల్సింది నడుము వెడల్పున్నదాన్ని. మీరేమో ఆ బండదాన్ని పంపించేసి దీన్ని ఉంచుతారట, మీ కోడలు చెప్పింది! దీనికి మళ్లీ జత కట్టిస్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యకండి."

వీధిలో ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే దులిపేసేదే. ఆ రోజు అత్త తలూపి, గుండీ పొట్ట కింద తడిమి చూసింది. గుండీకి పాలు పడలేదు. ఆ రెండు పిల్లలకూ బండదాని బొచ్చు రుద్ది దాని ఏడింటిలో కలిపేసింది. బండది వాసన చూసి, మారు మాట లేకుండా తొమ్మిదింటికీ పాలిచ్చింది.

ఆరు వారాలకు పోస్ట్‌మ్యాన్ బుట్ట పట్టుకుని వచ్చాడు. అత్త అందులో పెట్టినదాన్ని చూసి కంగారుపడ్డాడు.

"అత్తమ్మా, ఇది కప్పులు గెలిచింది కదా! పొరపాటు పడ్డారేమో!"

"ఇవాళ కాదు బాబూ. పదకొండేళ్లుగా పడ్డాను" అంది అత్త. "మీ అమ్మాయి ఒళ్లో కూర్చోవడమే ఇక దీని పని. మగదాని నీడ కూడా పడనివ్వకు."

అతను మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి, కళ్లు తుడుచుకుని వరండాలోకి వచ్చింది. బండదాని గూటి తలుపు తీసి, తొమ్మిది పిల్లల్లో మొదటిదాన్ని పైకెత్తింది. అలవాటు కొద్దీ వేళ్లు తల దగ్గరికే పోయాయి. వాటిని వెనక్కి జరిపి, నడుము పట్టి చూసింది.