1234567ను భాగించేది ఏది?

కుందారపల్లి దగ్గర హైవే మీద బండి జారి, తలకు దెబ్బ తగిలి, కృష్ణగిరిలో ఆస్పత్రి మంచం మీద పడి ఉన్న రోజులవి. హోసూరులో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పుకుని బతికేవాణ్ణి. విరిగింది కాలైతే ఇంత భయపడేవాణ్ణి కాదు. డాక్టరు వచ్చి వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మన్నాడు. గడగడా చెప్పేశాను. ఆయన మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండింది. అదీ ఒక లెక్కేనా?

నా పరీక్ష నేనే పెట్టుకున్నాను. 1234567. ఏటా కొత్త పిల్లలకు మొదటి రోజు బోర్డు మీద రాసే సంఖ్య. అంకెలు అంత బుద్ధిగా వరసలో నిలబడితే ఎవరికైనా తేలికే అనిపిస్తుంది. బేసి సంఖ్య, రెండు పనికిరాదు. అంకెలు కూడితే ఇరవై ఎనిమిది, మూడూ పనికిరాదు. ఏడు, పదకొండు, పదమూడు, దేనికీ లొంగదు. అయినా అది ప్రధాన సంఖ్య కాదు. దాన్ని శేషం లేకుండా భాగించేది ఒకటుంది. అదేదో నా ఫోన్ నంబరంత బాగా తెలిసేది. ఇప్పుడు ఎంత తడుముకున్నా దొరకడం లేదు.

1111 దాటి వెతకక్కర్లేదని మాత్రం గుర్తుంది. అంతకన్నా పెద్దది భాగిస్తే, దాని జత చిన్నదై ముందే దొరికి ఉండాలి. కాగితం ఇవ్వొద్దన్నారు కాబట్టి మనసులోనే భాగించాలి. సగంలో శేషం జారిపోయేది. మళ్లీ మొదటికి. చేతికి సెలైన్ గొట్టం, కాళ్లు ఒకచోట నిలవవు, పక్క మంచం వాడి టీవీ ఆగదు.

ఉద్దనపల్లిలో తోట పని వదిలి వచ్చి అక్క నాకు తోడుగా ఉంది.

"సుమ్మనే పండుకోప్పా. తలకు పని ఇయ్యొద్దని చెప్పినారు కదా."

"పని ఇయ్యకుంటే అది ఉండాదో పోయిందో ఎట్ల తెలిసేదక్కా?"

ఒక పొద్దున కాఫీ తాగుతూ 127 పట్టుకున్నాను. తొమ్మిది, ఏడు, రెండు. ఆఖరి అంకె కిందికి దించితే సరిగ్గా 127 వచ్చింది. ఇంకొక్కసారి, అంతే, శేషం సున్నా. నమ్మలేక, అక్కను ఫోన్లో 127ను 9721తో గుణించమన్నాను. ఆమె స్క్రీన్ నా వైపు తిప్పింది. ఏడు అంకెలూ వరసగా ఉన్నాయి. కాఫీ దుప్పటి మీద ఒలికినా పట్టించుకోలేదు.

"నా తల యాడికీ పోలేదక్కా! అమ్మకు ఫోన్ చేసి చెప్పు. పాపం, ఆడ ఏడుస్తా కూర్చోనుంటుంది."

అక్క కాసేపు నా మొహంలోకి చూసింది. "చెప్తానప్పా" అని ఫోన్ చెవికి ఆనించుకుని వరండాలోకి నడిచింది. "బాగుండాడమ్మా, పెద్ద లెక్క చేసినాడు" అని ఆమె చెబుతుంటే మంచం మీంచి గర్వంగా విన్నాను.

అమ్మ చనిపోయి అప్పటికి రెండేళ్లు దాటింది.