లెక్కకు మించిన మనిషి

ఈ సంగతిని కాగితం మీద పెట్టకపోతే నాతోనే పోతుంది. అలా పోవడం మంచిది కాదని నాకు తోచింది. డిప్యూటీ జైలర్ పరీక్షకు చదువుకుంటున్న యువకులు అప్పుడప్పుడు గుత్తిలోని మా ఇంటికి వస్తుంటారు. పరుగు ఎంత దూరం పెడతారు, ఛాతీ కొలత ఎంత ఉండాలి, భుజం మీద ఎన్ని నక్షత్రాలు ఉంటాయి అని అడుగుతారు. ఆ ఉద్యోగంలో చేరినవాడు పొద్దున లేచి ఏమి చేయవలసి ఉంటుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. వారు అడగని ఆ ప్రశ్నకు జవాబుగా దీనిని రాస్తున్నాను. జైలు పేరు చెప్పను. మనుషుల పేర్లు మార్చాను. తక్కినది జరిగినట్టే రాశాను.

నేను ఉద్యోగంలో అధిక భాగం ఎత్తైన గోడలున్న పెద్ద కారాగారాలలో గడిపాను. జైలర్‌గా పదోన్నతి వచ్చిన పిమ్మట, వేరుసెనగ వరుసగా రెండేళ్లు చేతికి రాని ఒక సంవత్సరం ఆషాఢ మాసంలో, అనంతపురం పీఠభూమి మీద ఉన్న ఒక ఆరుబయలు జైలుకు నన్ను బదిలీ చేశారు. దీర్ఘకాలపు శిక్షలో ఎక్కువ భాగం సత్ప్రవర్తనతో పూర్తి చేసిన ఖైదీలను అటువంటి జైలుకు పంపుతారు. వారు సేద్యం చేస్తారు, పశువులను మేపుతారు. దానికి ప్రహరీ ఉండదు. సున్నం పూసిన రాళ్ల వరుసే దాని సరిహద్దు. ఒక గేటు మాత్రం ఉంది. గేటుకు ఇరువైపులా గోడ లేదు. మొదటిరోజు దానిని చూసి ఇదేమి వింత అనుకున్నాను.

జైలు అధికారి పని తాళం వేయడమని లోకం అనుకుంటుంది. తాళం వార్డరు వేస్తాడు. అధికారి పని లెక్క. ఉదయం తలుపులు తీయగానే ఒక లెక్క, పనికి పంపేటప్పుడు ఒకటి, తిరిగి వచ్చాక ఒకటి, చీకటి పడకముందు చివరిది. గంట కొట్టగానే ఖైదీలు ఇద్దరిద్దరు చొప్పున వరుసగా గొంతుక్కూర్చుంటారు. ఈ ఇద్దరిని జోడీ అంటాం. ఎవరి జోడీ ఎవరో, వరుసలో ఎవరి చోటు ఏదో ఏళ్ల తరబడి మారదు. హెడ్ వార్డరు జోడీలను లెక్కించి వచ్చి చెబుతాడు, జైలర్ సరిచూసి సంతకం పెడతాడు. లెక్క తగ్గితే ఏమి చేయాలో మాకు నిద్రలో అడిగినా చెప్పగలిగేటట్టు నేర్పారు. ప్రమాద ఘంటిక, గాలింపు, పోలీసులకు సమాచారం, పై అధికారికి నివేదిక, ఆ వెనుక నాపైనే విచారణ.

ఆ మరుసటి వేసవి చివర ఒక సాయంత్రం చివరి లెక్కకు వెళ్లిన హెడ్ వార్డరు ఓబులేసు తిరిగి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. తాడిపత్రి వైపు మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడు. ఆనాడు గొంతు తగ్గించాడు.

"సార్, లెక్క కుదరల్యా."

"ఎవడు పోయినాడు?" అని లేచాను.

"ఎవురూ పోలేదు సార్. ఒగడు ఎక్కువుండాడు."

నేను అతణ్ణి మరల లెక్కించమన్నాను. అతడు ముందే రెండుమార్లు లెక్కించానన్నాడు. నేనే వెళ్లి లెక్కించాను. ఒక మనిషి ఎక్కువే. తెలియనివారికి ఇది నవ్వులాట అనిపించవచ్చు. ఖైదీ దుస్తులలో ఒక పరాయివాడు లోపల ఉన్నాడంటే, వాణ్ణి తన స్థానంలో పెట్టి వెళ్లిపోవడానికి ఒక ఖైదీ సిద్ధంగా ఉన్నాడని అర్థం చేసుకోవాలి. ఎవరినీ కదలవద్దని ఆజ్ఞాపించి, పేరు, తండ్రి పేరు, ఊరు పిలిపించి, ఫోటోతోను పుట్టుమచ్చలతోను సరిచూస్తూ ఒక్కొక్కరిని అవతలి వైపుకు పంపించాను.

నడుమ ఒక వరుసలో గొడవ వినబడింది. సుంకన్న అనే ఖైదీకి జోడీ అయిన గుత్తి మనిషి ఒకడు తన చోటు వదిలి వెనుక ఒంటరిగా కూర్చున్నాడు. ఎందుకు మారావని ఓబులేసు కసిరాడు.

"నా చోట్లో వాడొచ్చి కూకున్యాడు గదన్నా, నేనేం వాని తొడ మీద కూకోవాల్నా?" అన్నాడు వాడు.

పిలుపు పూర్తయింది. ఉండవలసినవారంతా ఉన్నారు. మైదానంలో ఒక్క మనిషి మాత్రం తల వంచుకొని కూర్చుని ఉన్నాడు. అతనికి పిలవడానికి మా వద్ద పేరు మిగలలేదు. దగ్గరకు వెళ్లి తల ఎత్తమన్నాను.

అతడు ఎర్రిస్వామి, సుంకన్నకు మునుపటి జోడీ. ఆ సంక్రాంతికి ముందే నేను విడుదల చేసిన మనిషి. విడుదల రోజున జైలర్ ఖైదీ గుర్తులు సరిచూసి, సొంత బట్టలు, దారి ఖర్చు అప్పగించి గేటు దాటించాలి. అదంతా నేనే చేశాను. బెళుగుప్ప బస్సు ఎక్కేదాకా ఒక వార్డరును తోడు పంపాను కూడా. ఆ మనిషి సుంకన్న రెండో జత బట్టలు తొడుక్కొని నా ముందు కూర్చుని ఉన్నాడు.

తరువాత తెలిసిన వివరం ఇది. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి. అన్నదమ్ములు ఇంటికి తాళం వేసి బెంగళూరుకు కూలికి పోయారు. చేతికి రక్తం అంటిన మనిషని ఊళ్లో ఎవరూ పనికి పిలవలేదు. సుంకన్నను చూసే నెపంతో ములాఖత్‌కు, అంటే ఖైదీని బంధుమిత్రులు కలిసే వేళకు వచ్చాడు. వేళ ముగియగానే గేటు వద్ద వేలిముద్ర వేసి పద్ధతిగా బయటకు వెళ్లాడు. ఆపైన పొలాలకు అడ్డంపడి, తెల్లరాళ్లు దాటి తిరిగి వచ్చాడు. మా బోరులో అప్పటికి నీళ్లు ఉన్నాయి. పగలు ఉల్లి మడులలో అందరితో కలిసి పని చేస్తూ, లెక్క వేళకు గడ్డివాములో దూరుతూ, సుంకన్న ముద్దలో సగం తింటూ కొన్నాళ్లుగా ఉన్నాడు.

నన్ను నిర్ఘాంతపరచినది అతడు రావడం కాదు. మా కంటపడకుండా దాగినవాడు లెక్కలోకి వచ్చి ఎందుకు కూర్చున్నాడు? అదే అడిగాను.

ఆ ప్రశ్న అతనికీ కొత్తగా ఉన్నట్టు కనిపించింది.

"వాములోకే పోతాండా సార్. గంట కొట్రి. కొడ్తానే కాళ్లు ఇట్లొచ్చినాయి. కూకున్యాంక గ్యానమొచ్చె, నేను ఈడోన్ని కాదు గదా అని. లేస్తే అందరూ చూస్తారని లేయలేకపోతి."

పదేళ్లకు పైగా అతడు జైలు గంట కొట్టగానే అలా కూర్చున్నాడు. ఆ మాట విన్న ఓబులేసు తన నెత్తిమీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అలా తీయరాదని నేను అతనికి చెప్పలేదు.

ఇక నా ముందున్న పని సుంకన్న విషయం. దీర్ఘకాలపు ఖైదీలలో అర్హులైనవారిని ముందుగా విడుదల చేయడానికి ప్రభుత్వం పేర్లు అడుగుతుంది. మేము పంపిన పేర్లలో ఆ యేడు సుంకన్న పేరు ఉంది. తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే చోట కూలి చేసే అతని భార్య రంగమ్మ, మొగుడు వస్తాడని ఇంటికి సున్నం కొట్టించిందని జైలంతటికీ తెలుసు. అయితే ఆ యేడాదిలో ఏ చిన్న శిక్ష పడినా ఆ పేరు తొలగిపోతుంది. పరాయి మనిషిని లోపల దాచడం జైలు నేరం. ఆ సంగతి అతనికి వివరించి, జవాబు ఆలోచించి చెప్పమన్నాను.

అతడు నోరు తెరవకముందే ఎర్రిస్వామి అడ్డుపడ్డాడు. "వానికేం తెల్దు సార్. బట్టలు ఆరేసింటే ఎత్తుకున్యా. బువ్వ దొంగతనంగా తిన్యా."

సుంకన్న అతని మీద విరుచుకుపడ్డాడు. "నోరు మూయ్ లే! దొంగతనమంటా! నీ మొగానికి దొంగతనం ఒగటి! గంటకి కూకోకుండా ఉండే తెలివి ల్యాకపాయె, అబద్ధం చెప్పే తెలివి యాడిదిరా నీకి?" నా వైపు తిరిగి అన్నాడు: "నేనే ఉండమన్యా సార్. బువ్వ పెట్టింది నేనే. ఊర్లో వానికి మంచినీళ్లు ఇచ్చేవాడు గూడా ల్యాకపాయె. ఏం రాసుకుంటారో రాసుకోండి."

ఇద్దరూ చెప్పినది చెప్పినట్టే రాశాను. నేరాన్ని రాశాను, అతడు దాచకుండా ఒప్పుకున్న విషయాన్ని రాశాను, దయ చూపవచ్చునని నా అభిప్రాయాన్నీ చేర్చాను. శిక్ష నిర్ణయించే అధికారం సూపరింటెండెంటుది. ఆయన అన్నిటికంటె చిన్నదైన హెచ్చరికతో సరిపెట్టారు. నియమం ప్రకారం హెచ్చరిక కూడా శిక్షే. సుంకన్న పేరు ఆ యేటికి తొలగిపోయింది. మరునాడు ఉదయం అతడు ఎప్పటిలాగే మడులకు నీళ్లు కట్టడానికి వెళ్లాడు.

ఎర్రిస్వామిని పోలీసులకు అప్పగించాం. అక్కడి ఎస్సై నాకు ఫోను చేసి, "ఏం సెక్షన్ పెట్టమంటారు సార్? జైల్లోంచి పారిపోయినోళ్లను పట్టుకున్యా గానీ, జైల్లోకి పారిపోయినోన్ని ఇదే చూసేది" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. చివరకు కేసు లేకుండా వదిలేద్దామని ఆయనే నిర్ణయించాడు.

అతణ్ణి వదలవలసిన రోజునే రంగమ్మ ములాఖత్‌కు వచ్చింది. సుంకన్న పేరు తొలగిన విషయం చెప్పడం నా విధి గనుక నేనే చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, నేను ఊహించని ప్రశ్న వేసింది.

"ఆ యెర్రోడు యాడుండాడు సార్?"

స్టేషనులో ఉన్నాడన్నాను. ఆమె నేరుగా అక్కడికి వెళ్లింది. అక్కడ ఆమె అన్న మాటలు ఎస్సై నాకు చెప్పాడు: "నీ వల్ల నా మొగుడు రాకపాయె. ఈ యేడు వాడు చేయాల్సిన పని నువ్వు చెయ్. లెయ్ అప్పా, బస్సు పోతాది." ఆ సాయంత్రమే అతణ్ణి తాడిపత్రికి తీసుకుపోయి తాను పనిచేసే చోటనే కూలికి కుదిర్చింది.

కొన్ని నెలల తరువాత జైలు వంటశాలకు బండలు కొనే పని మీద నేను అక్కడికి వెళ్లాను. యంత్రాలు ఆగాయి, మధ్యాహ్నపు సైరన్ మోగింది. కూలీలందరూ అన్నం గిన్నెల వైపు నడిచారు. ఎర్రిస్వామి ఒక్కడు ఉన్నచోటనే, తెల్లటి రాతి బురదలో గొంతుక్కూర్చుని తల వంచుకున్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. రోజూ జరిగేదే అయి ఉండాలి. రంగమ్మ గిన్నె మూత తీస్తూ అటు తిరగకుండానే కేక వేసింది.

"లెయ్ అప్పా! ఈడ నిన్నెవురూ లెక్కపెట్టరు!"

అతడు లేచాడు. నేను అతనికి కనబడకుండా వచ్చేశాను. కనబడితే మరల కూర్చుంటాడేమోనని భయం వేసింది.

ఆ సంఘటన నేర్పినది ఇంతే. విడుదల ఉత్తర్వు శిక్షను ముగిస్తుంది. శిక్ష పెట్టిన అలవాటును అది ముగించదు. ఆ పనిని ఉత్తర్వుకు ముందే జైలు అధికారి చేయాలి. నా మిగిలిన ఉద్యోగ కాలంలో, విడుదల దగ్గరపడిన ఖైదీలను సూపరింటెండెంట్ అనుమతితో గంట నుంచి తప్పించాను. వారు పొద్దు కుంకేలోగా తమంతట తామే వచ్చి, నిలబడి, తమ పేరు చెప్పుకోవాలి. ఆ పద్ధతిలో మొదటివాడు సుంకన్న. మొదట్లో గంట మోగినప్పుడల్లా అతడు పక్కనున్న స్తంభాన్ని పట్టుకునేవాడు. మరుసటి యేడు విడుదలయ్యేనాటికి పట్టుకోవడం మానుకున్నాడు.

నియమాలు నా తరువాత మారి ఉండవచ్చు. హోదాల విషయంలోను, విధానాల విషయంలోను నా జ్ఞాపకం తప్పి ఉంటే ఆ శాఖలో పనిచేసినవారు నిస్సంకోచంగా దిద్దగలరు. సుంకన్న వచ్చిన తరువాత ఎర్రిస్వామి కూడా తాడిపత్రిలోనే ఉండిపోయాడని, సైరన్‌కు కూర్చోవడం క్రమంగా మానుకున్నాడని నాకు ఒకరు చెప్పగా విన్నాను; కంటితో చూడలేదు. చూసినవారు ఎవరైనా ఉండి అది నిజం కాదంటే, తక్కిన తప్పులకంటె ముందు దానిని సరిచేయవలసిందిగా కోరుతున్నాను.