మూత బిగించిన గుండిగ

మీ హోటల్లో వేడి కూరల్ని మిషన్లో పెట్టి గంటన్నరలో చల్లారుస్తామని చెప్పి, మీ కాలంలో ఏం చేసేవాళ్ళు అమ్మమ్మా అని ఫోన్లో అడిగావు కదరా కన్నా. వెడల్పు పళ్ళేల్లో పరిచి గాలికి ఆరనిచ్చేవాళ్ళం. ఒక్కసారి మాత్రం నేను ఆ పని చెయ్యలేదు.

డెబ్బైల్లో, నందిగామలో మా మరిది పెళ్ళైన మర్నాడు సాయంత్రం విందు. వంటమనిషి వీరయ్య పొద్దున్నే గుండిగ నిండా మాంసం వండాడు. తాంబూలాలకి తమలపాకులు తేవడానికి జగ్గయ్యపేట వెళ్తూ, "మూత పెట్టబాకమ్మా, లోపలి వేడికి చెడిపోద్ది. పళ్ళేల్లో పరిచి చల్లారనియ్యి" అని నాకొక్కదానికే చెప్పాడు.

గోడమీద బల్లి కనబడింది. కూరలో పడుతుందని భయపడి, పొగలు కక్కుతున్న గుండిగకి మూత బిగించి పైన రాయి పెట్టాను. సాయంత్రం దాకా తియ్యలేదు. వీరయ్య తిరిగొచ్చేసరికి అందరూ తింటున్నారు.

తెల్లారేసరికి ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు.

"బల్లి పడుంటదిరా!" అంటూ మగవాళ్ళు మిగిలిన కూర వంపి వెతికారు. ఏమీ లేదు.

"కళ్ళెక్కడ పెట్టుకుని వండావురా?" అని మామగారు వీరయ్యని చెంపమీద కొట్టారు.

అతను గుండిగ పక్కనున్న మూతనీ రాయినీ చూసి, నావైపు ఒకసారి చూశాడు. "తప్పు నాదేనండీ" అన్నాడు.

ఆ సాయంత్రమే మా అత్తగారు పోయారు. అప్పుడూ నేను నోరు విప్పలేదు. తర్వాత చుట్టుపక్కల ఎవరూ వీరయ్యని వంటకి పిలవలేదు. కొన్నాళ్ళకి ఊరొదిలి వెళ్ళిపోయాడు.

నా పేరెందుకు చెప్పలేదు వీరయ్యా అని అడుగుదామంటే, అతను మళ్ళీ కనబడలేదురా.