నది పక్క ఏడెకరాలు

డెలియా కన్సిడైన్ మా ఊళ్ళో ముప్ఫై ఆరేళ్ళు పోస్టాఫీసు నడిపింది. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై మూడో ఏట మార్టిన్ హెహిర్‌ను కాదన్నది, మరొకరిని కోరలేదు.

దొర వెళ్ళగొట్టిన రైతు భూమిని ఇంకొకడు తీసుకోవడం ఐర్లండ్‌లోని మా క్లేర్ ప్రాంతంలో తరాలు గడిచినా మాసిపోని మచ్చ. ఆమె ముత్తాత థేడీని వెళ్ళగొట్టినప్పుడు నది పక్క ఏడెకరాలు హెహిర్‌లు కాజేశారనీ, కన్సిడైన్లు పోరాడి తిరిగి తెచ్చుకున్నారనీ ఆమె తండ్రి చెప్పేవాడు. "ఆ ఇంటి కోడలివైతే నా గడప తొక్కకు" అన్నాడు.

డెబ్బై నాలుగో ఏట ఆమెకు థేడీ పేరున రాతి ఫలకం పెట్టించాలనిపించింది. ఆయనను వెళ్ళగొట్టిన సంవత్సరం తెలుసుకోవడానికి డబ్లిన్ వెళ్ళింది. నేను తోడు వెళ్ళాను. భూముల పాత పుస్తకంలో ఆ పొలానికి ఎదురుగా మొదటి నుంచీ హెహిర్ పేరే ఉంది. 1881లో దాన్ని ఎర్రసిరాతో కొట్టివేసి, పైన థేడీ కన్సిడైన్ అని రాశారు. అంతకు ముందు కన్సిడైన్ల పేరు ఎక్కడా లేదు. ఒక్క పుస్తకాన్ని బట్టి తీర్పు చెప్పరాదని దొర కచేరీ కాగితాలు కూడా తెప్పించి చూశాం. హెహిర్‌లను వెళ్ళగొట్టి ఆ పొలం థేడీకి ఇచ్చారని అవీ చెప్పాయి.

"నాన్నకెవరో తప్పు చెప్పుంటారు" అన్నది డెలియా.

పుస్తకం మూయబోతే అట్ట లోపల, దాన్ని చూసినవారి సంతకాల చీటీ కనిపించింది. అందులో ఆమె తండ్రి సంతకం ఉంది: 1964. ఆమె మార్టిన్‌ను కాదన్నది 1966లో.

మర్నాడు ఆ పేజీ నకలు పట్టుకుని మార్టిన్ ఇంటికి వెళ్ళింది. నన్నూ రమ్మన్నది. అతని భార్య పోయి అప్పటికి ఆరేళ్ళు.

"యాభై ఏళ్ళకు గుమ్మం తొక్కావు. ముందు టీ తాగు, తర్వాత తిడుదువుగాని" అన్నాడు. నకలు వైపు ఒకసారి చూసి బల్ల మీద పెట్టేశాడు.

"నీకు తెలుసా?"

"మా తాత చెప్పాడు."

"మరి ఆ రోజు నోరు పెగల్లేదేం?"

"మీ నాన్న అబద్ధమాడుతున్నాడంటే నమ్మేదానివా?"

"నమ్మేదాన్ని కాదు. అయినా చెప్పాల్సింది. నాన్న నిజం తెలిసీ నాచేత నిన్ను కాదనిపించాడు. నువ్వు తెలిసీ నన్ను కాదననిచ్చావు."

కప్పు ముట్టకుండానే లేచింది. ఫలకం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆగస్టులో సమాధుల ఆదివారం నాడు ఫాదర్ శ్మశానంలో పూజ చేస్తుంటే ప్రతి కుటుంబమూ తమవారి సమాధి పక్కన నిలబడుతుంది. ఆమె పొద్దున్నే వచ్చి తండ్రి సమాధి చుట్టూ కలుపు పీకి, రాయి కడిగింది. పూజ మొదలయ్యాక మాత్రం అక్కడ నిలబడలేదు. హెహిర్‌ల వరుసలో మార్టిన్ కాస్త జరిగి చోటిచ్చాడు. అటూ వెళ్ళలేదు. గేటు దగ్గర, ఎవరి సమాధీ లేని చోట, పూజ ముగిసేదాకా నిలబడి ఉంది.