మా అత్త పక్కన నిలబడిన మనిషి

మా మేనత్త పోయిన గురువారం పొద్దున ఆసుపత్రిలో కన్నుమూసింది. జూబ్లీ హిల్స్‌లో మా నాన్న కారు నడిపే ఇంటికి ఫోన్‌లో కబురొచ్చింది. ఫోన్ ఎత్తిన ఆ ఇంటావిడ "ఎవరండీ మాట్లాడేది?" అని అడిగితే అవతలి మనిషి తన పేరు చెప్పలేదట. "ఆసుపత్రి నుంచండీ" అని మాత్రం అన్నాడట. ఆవిడ ఆసుపత్రి ఉద్యోగి అనుకుంది. అత్త ఆసుపత్రిలో చేరిన నాటి నుంచి పక్కన కూర్చున్నది, చివరి గుక్క నీళ్లు పోసింది ఆ ఫోన్ చేసినాయనే. ఆమెకు తానేమవుతాడో చెప్పుకునే మాట మాత్రం ఆయన దగ్గర లేదు. ఇవ్వాల్సింది మేము. మేమివ్వలేదు. అందుకే ఈ నాలుగు మాటలు తలెత్తుకొని రాయలేకపోతున్నాను.

అత్తకు చిన్న వయసులోనే భర్త పోయాడు. పిల్లలు లేరు. యూసుఫ్‌గూడలో తమ్ముడి ఇంటికి, అంటే మా ఇంటికి వచ్చి, సినిమావాళ్లకు జడలు వేసే పని నేర్చుకుంది. పని చేసేటప్పుడు పిన్నులు పెదవుల మధ్య పెట్టుకునే మాట్లాడేది. ఆ అలవాటుతో కూరగాయల బేరం కూడా పెదవులు బిగించే ఆడేది. నన్ను కూడా ఆ పనిలోనే పెడదామని నాన్న అంటే ఒప్పుకోలేదు. "దాని జడ నేనేస్త తమ్మీ. తల్కాయల ఏముండాల్నో బడి జెప్తది" అంది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. రోజూ పొద్దున అత్త బిగించి వేసిన జడలకు నా కనుబొమలు పైకి లేచేవి. పంతులు ఏం చెప్పినా ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేదాన్ని.

నేను పదో తరగతిలో ఉండగా ఒక సినిమాలో పెళ్లి సీను తీస్తున్నారు. పెళ్లికి వచ్చిన జనం తక్కువయ్యారు. అసిస్టెంటు డైరెక్టరు అత్తను చూసి "అమ్మా, మీరూ నిలబడండి. ఆయన మీ ఆయన అనుకోండి. అక్షింతలేసి నవ్వండి, అంతే" అన్నాడట. పక్కన నిలబెట్టింది సెట్లు కట్టే వడ్రంగిని. గోదావరి వైపు మనిషి, భార్య పోయి చాలా ఏళ్లయింది. అత్త నుదుట బొట్టు, మెడలో పసుపుతాడు పెట్టారు. పొద్దంతా ఇద్దరూ ఆ పెళ్లికొడుకు మీద అక్షింతలు వేస్తూనే ఉన్నారు.

సాయంత్రం కంపెనీ వ్యాను తొందరలో అత్త అవి తీయడం మరిచిపోయి అలాగే ఇంటికొచ్చింది. కుళాయి దగ్గర ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి.

"వదినా, మెడలదేంది?" అంది అమ్మ.

అత్త తడుముకుని నవ్వింది. "అయ్యో, కంపెనీది. ఇచ్చుడు మర్శిన." అంతలో నాన్న మొహం కనిపించింది. నవ్వు ఆపి, గోడవైపు తిరిగి తాడు తీసేసింది. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు.

మర్నాడు అత్త పనికి వెళ్లలేదు. ఆమెను తీసుకెళ్లడానికి కంపెనీవాళ్లు ఆ వడ్రంగినే పంపారు.

"ఆ పెళ్లి ఇంకా అవలేదండీ" అన్నాడాయన నాన్నతో. "నిన్న నిలబడ్డవాళ్లే ఇవాళా నిలబడాలి. నా భార్య ఏదని అడుగుతున్నారు."

"నీ భార్యేంది?"

"సినిమాలోనండీ." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలి నుంచి అత్త వచ్చి, "నడువుండ్రి, టైమైతాంది" అని ముందు నడిచింది.

ఆ తర్వాత పని ముగిశాక ఫిల్మ్‌నగర్ గుట్ట మీంచి బస్టాపు దాకా ఇద్దరూ నడిచి వచ్చేవారు. ఆమె రోడ్డుకు ఇటువైపు, ఆయన అటువైపు. ఒకరోజు నేనూ వెంట ఉన్నాను. "ఇవాళ సాంబార్లో ఉప్పు లేదు" అన్నాడాయన, ఎటో చూస్తూ. "ఉప్పెక్కువైతే బీపీ లేస్తది" అంది అత్త, రాళ్లను చూస్తూ. వినేవాళ్లు ఇద్దరు పిచ్చివాళ్లనుకుంటారు.

"సిగ్గెందుకత్తా?" అనడిగాను.

"మంచిగనిపిస్తది గద బిడ్డా. గందుకే" అంది.

ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. సంతోషంగా ఉండటమే తప్పని ఆమెకు నేర్పిందెవరు?

ఆయన ఒక్కసారే ధైర్యం చేశాడు. రిజిస్టరు ఆఫీసులో పెళ్లి చేసుకుంటామని నాన్నను అడిగాడు. "ఇంట్ల పిల్ల పెండ్లికుంది. మేనత్త గిట్ల జేసిందంటే దాన్నెవరు జేసుకుంటరు?" అన్నాడు నాన్న. అత్త నా వైపు చూసి, "దాని పెండ్లి గానియ్యి, తర్వాత సూద్దం" అంది. నా పేరు మీద ఆగిన ఆ పెళ్లి ఆగిపోయే ఉంది. నా డిగ్రీ అయిపోయింది, నా పెళ్లి ఇంకా కాలేదు. నా కోసం ఆగమని ఎవరినీ నేను అడగలేదు. ఆగొద్దని కూడా అనలేదు.

ఆ తర్వాత కూడా ఆయన మా వీధి దాకా వచ్చేవాడు, మా గడప దాకా రాలేదు. అత్తకు ఆయాసం ముదిరాక, ఆసుపత్రిలో మాత్రం ఎవరినీ అడక్కుండా ఆమె పక్కన కూర్చున్నాడు. "గీడ నయముంది" అని అత్త ఒకసారి నాతో అంది. ఆరోగ్యం గురించి అనుకున్నాను. రోజంతా ఆయనతో మాట్లాడుకోనిచ్చింది ఆ వార్డు ఒక్కటే.

గురువారం అత్తను తెచ్చిన వ్యానులో ఆయనకు చోటుంది. "మీరెళ్లండి" అని వెనక బస్సులో వచ్చాడు. వచ్చి, ఎదురింటి గోడ దగ్గర స్టూడియోవాళ్ల మధ్య నిలబడ్డాడు. ఊరి నుంచి వచ్చిన మా చుట్టపు ముసలమ్మ "ఆయనెవలు? గంతగనం ఏడుస్తుండు, ఆమెకేమైతడు?" అని పైకే అడిగింది. అమ్మ తల వంచుకుంది. నేను నాన్నను చూశాను.

నాన్న అత్త తల దగ్గర నుంచి లేచాడు. గడప మీదికి వెళ్లి, గొంతు సవరించుకుని పిలిచాడు.

"బావా, లోపటికి రా."

వీధంతా ఆయన వైపు తిరిగింది. ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ మీద ఆరేసిన దుప్పటి తప్ప ఎవరూ లేరు. మళ్లీ మా వైపు తిరిగి, తననేనా అన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.