అత్త ఘోరీ పళ్లెం

మొన్న మనవరాలు పట్టుబట్టి మ్యూజియానికి తీసుకువెళితే, చైనా వస్తువుల గదిలో ఒక అద్దాల పెట్టె ముందు నా కాళ్లు ఆగిపోయాయి. లోపల లేత తమలపాకు రంగు పళ్లెం, అంచు చుట్టూ సన్నని పూలతీగ. తెలియకుండానే అద్దం మీద చెయ్యి వేశాను కాబోలు, కాపలా అతను వచ్చి, "జర దూరం జరుగుండ్రి పెద్దాయనా, ముట్టద్దు" అన్నాడు.

అటువంటి పళ్లెమే మా నాచారం ఇంట్లో ఉండేది. మా మేనత్తది. చిన్న వయసులోనే భర్త పోయిన ఆమె, పాతబస్తీలో ఒక నవాబుగారి దేవిడీలో జుట్టు నెరిసేదాకా వంటమనిషిగా బతికి, ఆ వైభవం ముగిసి నౌకర్లంతా చెదిరిపోయినప్పుడు, బేగం గారు స్వయంగా ఇచ్చిన ఆ ఒక్క పళ్లేన్ని పాత చీరలో చుట్టుకుని, అప్పుడే ఫ్యాక్టరీలో కుదురుకున్న నా దగ్గరికి వచ్చింది. వాటిని ఘోరీ పళ్లేలు అనేవారు. ఎన్నడో ఓడల్లో చైనా నుంచి వచ్చినవి. విషం కలిసిన తిండి వడ్డిస్తే వాటంతట అవే పగిలిపోతాయని దేవిడీల్లో గట్టి నమ్మకం. అన్నేళ్లూ తను వండినది ముందు అందులోనే వడ్డించారనీ, ఒక్కనాడూ గీత పడలేదనీ, తన చేతికి అదే సాక్ష్యమనీ అత్త గర్వంగా చెప్పుకునేది. మా ఇంట్లోనూ కూర దించగానే మొదటి గరిటె అందులో వేసి, కాసేపు చూసి, ఆ తర్వాతే మాకు పెట్టేది. నేనూ నా భార్యా చాటుగా నవ్వుకునేవాళ్లం. కానీ ఆ చేతి బగారా బైంగన్ రుచి మళ్లీ నాకు ఎక్కడా దొరకలేదు.

చైనాతో యుద్ధం వచ్చిన రోజులవి. ఒక ఆదివారం ఉప్పల్‌లో కుర్రాళ్లం చైనా పెన్నులూ పింగాణీ కప్పులూ పోగేసి పగలగొట్టి, ఆ ఊపులోనే తోటి పనివాళ్లను నేను భోజనానికి ఇంటికి తీసుకొచ్చాను. అత్త అలవాటుగా పళ్లెంలో కూర వేసి చూస్తోంది. మా మేస్త్రి కళ్లు దానిమీద పడ్డాయి.

"ఏందిరో, బయట దేశభక్తి, ఇంట్ల చైనా పళ్లెమా?"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. కూరతో సహా పళ్లేన్ని ఆమె చేతుల్లోంచి లాక్కున్నాను. "గది చైనాది గాదు బిడ్డా, బేగం సాబుది" అంటూ ఆమె నా వెనకే వాకిట్లోకి వచ్చింది. బట్టలుతికే బండకేసి కొట్టాను. మొదటి దెబ్బకు పగల్లేదు. అప్పుడైనా ఆగవలసింది. మళ్లీ కొట్టాను.

అంతటితో ఊరుకున్నా ఆమె ఓర్చుకునేదేమో. వాళ్లను ఇంకొంచెం నవ్వించాలనిపించింది నాకు. "విషముంటెనే పలుగుతదంటివి గదత్తా, ఇయ్యాల కూరల ఏం కలిపినవ్?" అన్నాను. మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. అత్త పెంకులన్నీ కొంగులోకి ఏరుకుంది, కూర అంటిన వాటిని కూడా.

మర్నాటి నుంచి ఆమె పొయ్యి దగ్గరికి రాలేదు. నా భార్య జ్వరంతో పడుకున్నా సరే, పిల్లలు ఆకలికి ఏడ్చినా సరే, గరిటె ముట్టలేదు. కాళ్లమీద పడి బతిమాలాను. కోపగించుకోలేదు. "పలిగింది గదా బిడ్డా" అన్నది, అంతే. బతికినన్నాళ్లూ మళ్లీ మా కోసం వండలేదు.

ఇప్పుడు నా చేతిలో ఫోను, గదిలో దీపం, మనవరాలి బొమ్మలు, అన్నీ చైనావే. ఎవరూ ఏమీ అనరు. మేస్త్రీ పోయాడు, ఆ నవ్వులూ పోయాయి. ఆ పళ్లేలకు మాత్రం ఇప్పుడు అద్దమూ ఉంది, ముట్టవద్దని చెప్పే మనిషీ ఉన్నాడు. అతను చెప్పినట్లే నేను దూరం జరిగి నిలబడ్డాను.