వద్దన్న బాగినం

గౌరీ పండగ రోజు మా అన్న బెంగళూరు చిక్కపేటలోని తన చీరల అంగడి తెరిచేవాడు కాదు. చేటలో పసుపు, కుంకుమ, గాజులు, బియ్యం, పప్పు, రవికెగుడ్డ సర్ది, పైన ఇంకో చేట మూసి, పుట్టింటివాళ్లు ఆడపడుచుకిచ్చే ఆ బాగినాన్ని ఒళ్లో పెట్టుకుని మడివాళలో మా ఇంటికి బస్సులో వచ్చేవాడు. దాంతో పాటు ఒక పట్టుచీర. అమ్మానాన్నలు పోయాక నాకు పుట్టిల్లంటే ఆయనే. భోంచేసి, కాసేపు చాప మీద నడుం వాల్చి, కాఫీ తాగి వెళ్లేవాడు. ఏడాది మొత్తంలో మేమిద్దరం నిమ్మళంగా మాట్లాడుకునేది ఆ ఒక్కరోజే.

తొంభైల చివర్లో నాకు ఆడంబరాలు తగ్గించాలన్న పిచ్చి పట్టింది. పండగ వంటను పాయసం, వడలకు కుదించాను. బంధువులకు బట్టలు పెట్టడం మానేశాను. అందువల్ల ఎవరికీ ఏ లోటూ రాలేదని కనిపించినవాళ్లందరికీ గొప్పగా చెప్పేదాన్ని. అన్న అంగడికి గిరాకీ పడిపోయిందని వదిన అప్పటికే నా చెవిన వేసింది. నా బీరువాలో చూస్తే మడత విప్పని చీరలు బోలెడు. ఆయన బరువు తగ్గిద్దామనే అనుకున్నాను.

ఆ ఏడు ఆయన కాఫీ తాగుతుండగా చెప్పేశాను.

"అన్నా, వచ్చే ఏడు నుంచి చీరా వద్దు, బాగినమూ వద్దు. నువ్వొస్తే చాలప్పా."

గ్లాసు కింద పెట్టి సరేనన్నాడు. ఎంత సులువుగా ఒప్పుకున్నాడో అని మురిసిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

మరుసటి ఏడు అన్న రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి ఫోన్ చేశాను. ఏవేవో సాకులు చెప్పాడు. గట్టిగా నిలదీస్తే అసలు మాట బయటికొచ్చింది.

"పండగ పూట చెల్లెలింటికి వట్టి చేతుల్తో ఎట్ల వచ్చేదమ్మా? మీ ఇంటాయన ముందర ఏమని కూసునేది?"

ఆ తర్వాత రెండేళ్లూ అంతే. ఈలోగా అంగడి మూసేసి ఎవరి దగ్గరో గుమాస్తాగా చేరాడు. నేను కాటన్‌పేటలో వాళ్లింటికి వెళితే బాగానే పలకరించేవాడు గానీ, మా గడప మాత్రం తొక్కలేదు. మళ్లీ చీర తెమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను? ఇవ్వగలిగిన రోజుల్లో వద్దన్నదాన్ని నేనే కదా.

చివరికి ఇంకో తెలివితక్కువ పని చేశాను. నేనే ఒక చీర కొని వదిన చేతికిచ్చి, ఇది అన్న కొన్నట్టుగా ఆయన చేత పట్టించి పంపమని బతిమాలాను. ఆమె తీసుకుంది.

పండగనాడు వాకిట్లో ఆటో ఆగిన చప్పుడైతే పరుగెత్తాను. వదిన ఒక్కతే దిగింది. చేతుల్లో మూసిన చేటలు, వాటి మీద కుంకుమ బొట్టు పెట్టిన నా చీర.

"మీ అన్న ఇచ్చి రమ్మన్యాడమ్మా," అంది.

చేట తెరిచి చూస్తే గాజులతో సహా అన్నీ ఉన్నాయి. అవి మాత్రం ఆయన కొన్నవేనట. పుట్టింటివాడిగా ఆయన చేయాల్సింది చేసేశాడు, ఇక తను రావాల్సిన పని లేదు. వదిన ముందు ఏడవకూడదని వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

అప్పటి నుంచి ఏటా చీర నేనే కొని పంపుతున్నాను. ఏటా వదినే తెస్తోంది. ఈ తంతు ఇక చాలని చెబుదామనిపిస్తుంది గానీ, వద్దంటే ఆమె కూడా రావడం మానేస్తుందేమోనని భయం.